వానకంటే ముందే విత్తనం: సీమ మెట్ట చేలల్లో నవధాన్యాలు పొడిగా చల్లడం ఎలా?

కంది కోత అయిపోయాక అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల మెట్ట చేను ఎన్ని నెలలు ఖాళీగా ఉంటుందో లెక్కేసి చూడండి. జనవరి, ఫిబ్రవరి నుంచి జూలైలో వేరుశనగ విత్తేదాకా, దాదాపు అర్ధ సంవత్సరం. ఈ మధ్యలో వాన రాదా అంటే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు ఒకటి రెండైనా పడతాయి. కానీ ఆ వానను మనం లెక్కలో వేసుకోము. అది మాడిన ఎర్రనేలను కొట్టి, పైనున్న మెత్తటి మట్టిని వంకలోకి తోసి, రెండు రోజుల్లో ఆవిరైపోతుంది.

ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4,000 లీటర్ల నీళ్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 80,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదహారు. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే చోట ఈ నీళ్లను వదులుకునే స్తోమత మనకు లేదు. వాటిని పట్టుకోవాలంటే వాన పడేసరికి విత్తనం నేలలో సిద్ధంగా ఉండాలి. పదును (విత్తేందుకు సరిపడే తేమ) దొరికాక గొర్రు (విత్తే పనిముట్టు), ఎద్దులు, ట్రాక్టరు వెతుక్కుంటూ పరుగెత్తితే మే నెల తేమ ఆగదు.

పదిహేను, ఇరవై రకాల విత్తనాలకు మట్టిపూత పట్టించి, పొడినేలలోనే చల్లేయడం ఈ పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమాన్ని నడుపుతున్న రైతు సాధికార సంస్థ దీన్ని పీఎండీఎస్ (ప్రీ-మాన్సూన్ డ్రై సోయింగ్, అంటే వానాకాలానికి ముందే పొడినేలలో విత్తడం) అంటుంది. ఊళ్లలో నవధాన్యాలు అంటే చాలు, అర్థమవుతుంది. తొమ్మిదే ఉండాలన్న పట్టింపేమీ లేదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది అమ్ముకునే పంట కాదు. పశువులకు నాలుగు మోపుల మేత, ఇంటికి ఆకుకూర, అసలు పంటకు మెత్తబడిన నేల, ఇవీ దీని ఫలితాలు. గాలిలోని తేమతోనే పైరు బతికేస్తుందని చెప్పేవాళ్లు కూడా తగులుతారు. ఆ మాట నమ్మి ఉన్న పొలమంతా దించకండి. మొదటి ఏడాది అర ఎకరం చాలు. పక్కనే ఇంకో అర ఎకరం ఎప్పటిలాగే వదిలేస్తే తేడా మీకే తెలుస్తుంది.

మొదటి పని చేలో కాదు, రచ్చబండ దగ్గర

కోతలయ్యాక మెట్ట చేలన్నీ ఊరి పశువులకు బీడే. అది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. చుట్టూ ఎర్రగా ఎండిపోయి ఉన్నప్పుడు మీ ఒక్క చేను పచ్చగా కనిపిస్తే ఊళ్లోని మేకలన్నీ అందులోనే ఉంటాయి. నవధాన్యాలు వేసి విసిగిపోయిన రైతుల్లో ఎక్కువమంది ఓడిపోయింది వానకు కాదు, మేకలకే. కంచె వేసుకుందామంటే ఈ పంటకు ఆ ఖర్చు గిట్టదు.

అందుకని ఉగాదికి ముందే ఇద్దరు ముగ్గురు గట్టు పక్క రైతులను కూడగట్టండి. చేలు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటే కాపలా ఒక్కరితో సరిపోతుంది. ఆ తర్వాత గొర్రెల కాపరులతో మాట్లాడండి. వాళ్లతో గొడవ పెట్టుకుంటే మీకే నష్టం. మొలిచిన రోజు నుంచి నలభై అయిదు, యాభై రోజులు చేలోకి మందను తోలకూడదు. ఆ తర్వాత మేతలో కొంత వాళ్ల మందకే. బదులుగా రెండు మూడు రాత్రులు మంద మీ చేలోనే పడుకోవాలి. మంద పెట్టించుకోవడం సీమలో పాత అలవాటే కాబట్టి ఈ ఒప్పందం ఎవరికీ కొత్తగా అనిపించదు. గొర్రె పెంటికలు, మూత్రం నేరుగా నేలలో పడితే బండ్లకొద్దీ దిబ్బ ఎరువు తోలే కూలి మిగులుతుంది.

నీరు ఆగే దారి చూసుకోండి

వాలుకు అడ్డంగా సేద్యం చేయాలని అందరికీ తెలుసు. వాలు ఎటుందో కంటితో చూసి చెప్పబోతే మాత్రం తప్పుతాం. ఏ-ఫ్రేమ్ అనే పనిముట్టు పైసా ఖర్చు లేకుండా మీరే చేసుకోవచ్చు. ఇంచుమించు రెండు మీటర్ల పొడవున్న రెండు కర్రల కొసలను కలిపి కట్టండి, కాళ్లు ఎడంగా పెట్టండి. నడుమ ఒక అడ్డకర్ర బిగించండి. పైకొస నుంచి దారం కట్టి, కింద ఒక రాయి వేలాడదీయండి. దారం అడ్డకర్రను దాటి కిందికి దిగాలి.

ఇప్పుడు దాన్ని సరిచూసుకోవాలి. కాళ్లు నిలిచిన రెండు చోట్లా నేల మీద గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకినచోట ఒక గీత గీయండి. కాళ్లను తారుమారు చేసి అవే గుర్తుల మీద నిలబెట్టి, దారం తాకినచోట రెండో గీత గీయండి. రెండు గీతలకు సరిగ్గా నడుమ ఇంకో గీత పెట్టండి. దారం ఆ నడిమి గీత మీద నిలిచినప్పుడల్లా రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఒక కాలిని కదలనివ్వకుండా రెండోదాన్ని తిప్పుతూ, మట్టం దొరికినచోటల్లా గూటం దిగ్గొట్టుకుంటూ పోతే చేలో సమమట్టపు గీత బయటపడుతుంది. గాలి లేని పొద్దున పూట ఈ పని పెట్టుకోండి, దారం ఊగదు.

ఆ గీత వెంటే గుంటక (పైమట్టిని కదిలించే పనిముట్టు) తోలాలి, విత్తాలి. మూడున్నర మీటర్లకొకటి చొప్పున మడకతో లోతుగా ఒక గొడ్డు సాలు తీసి, అందులో విత్తనం వేయకుండా వదిలేయండి. గట్టి వాన పడినప్పుడు పారే నీరు ఆ సాలులో నిలిచి మెల్లగా ఇంకుతుంది. గట్లు తెగి ఉంటే ఇప్పుడే పూడ్చండి. కట్ట మీద రెండడుగులకొకటిగా గ్లైరిసీడియా కొమ్మలో, నారో వానాకాలంలో నాటుకుంటే ఒకటి రెండేళ్లలో కొమ్మలు కొట్టి చేలో పరచుకునేంత ఆకు వస్తుంది. పచ్చి గ్లైరిసీడియాను మన పశువులు అంతగా ముట్టవు. గట్టు మీద బతికి బట్టకట్టాలంటే అది పెద్ద గుణమే.

విత్తనాల పోగు

ఎకరాకు పది, పన్నెండు కిలోలు సరిపోతాయి. ఇలా కలుపుకోవచ్చు: జనుము రెండు కిలోలు, అలసంద రెండు, పిల్లిపెసర ఒకటి, పెసర ఒకటి, ఉలవ ఒకటి, కంది, అనుము, సజ్జ, కొర్ర, ఆముదం తలా అర కిలో. ధనియాలు, మెంతులు పావు కిలో చొప్పున. నువ్వులు, ఆవాలు, గోంగూర వంద గ్రాముల చొప్పున. తోటకూర చిటికెడు. బెండ, గోరుచిక్కుడు, దోస, సొర, బంతి గింజలు ఇంట్లో ఎన్నుంటే అన్ని. ఈ లెక్కను వేదంలా పట్టుకోవద్దు. సగం బరువు కాయధాన్యాలే ఉండాలి, లోతుకు వేరు దించేవి రెండు మూడుండాలి, నేల మీద పాకి కప్పేవి రెండు మూడుండాలి. అంతవరకు చూసుకుంటే చాలు.

జొన్న వేయలేదేమని అడగొచ్చు. వాన మొహం చాటేసి, లేత జొన్న వాడిపోయినప్పుడు అందులో విషం పెరుగుతుంది. దాన్ని మేసి పశువులు నాముకు చచ్చిపోవడం మన పెద్దలందరూ చూసిందే. కరువు నేలలో, అదీ మేతకు వదలబోయే పైరులో జొన్నను నేను కలపను. సజ్జకు ఆ బెడద లేదు. జొన్న వేసే తీరాలంటే అది పూతకు వచ్చేదాకా పశువును దగ్గరికి రానివ్వకండి.

అంగట్లో దొరికే రంగు పూసిన, మందు పట్టించిన విత్తనం వద్దు. ఈ చేలో ఆకు మీ కూరలోకీ వస్తుంది, గొర్రె నోట్లోకీ పోతుంది. ఇంట్లో పాత విత్తనమే ఉంటే మొలక చూడండి. వంద గింజలను తడి గోనెలో చుట్టి నీడలో పెట్టి, రోజూ నీళ్లు చిలకరించండి. నాలుగైదు రోజులకు (ధనియాలు, ఆముదం లాంటివైతే ఇంకొన్ని రోజులు ఆగి) చూస్తే డెబ్బై కంటే తక్కువ మొలిస్తే ఆ రకం కొంచెం ఎక్కువ వేయాలి. సగం కూడా మొలవకపోతే పశువులకు నానబెట్టి పెట్టేయండి, ఆముదం గింజలు మాత్రం విషం, పెట్టకండి.

ఘనజీవామృతం, బీజామృతం

ఘనజీవామృతం పేడతో చేసే పొడి ఎరువు, బీజామృతం విత్తనాలకు పట్టించే ద్రావణం. మహారాష్ట్రకు చెందిన ప్రకృతి సేద్య ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ రెండూ ఇప్పుడు చాలా మండలాల్లో ఎవరో ఒకరు చేస్తున్నారు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను.

ఘనజీవామృతానికి వంద కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, మందులు తగలని గట్టు మీది మట్టి ఒక గుప్పెడు తీసుకోండి. ముద్దయ్యేంత మూత్రం పోసి కలపండి. నీడలో కుప్పపోసి గోనె కప్పి రెండు రోజులుంచి, తర్వాత పలచగా పరిచి నీడలోనే ఆరబెట్టాలి. ఎండిన గడ్డలను కొట్టి, జల్లించి, బస్తాల్లో దాచుకోండి. ఫిబ్రవరి, మార్చిలో చేసుకుంటే మే నాటికి చేతిలో ఉంటుంది. ఎకరానికి నాలుగు వందల కిలోలు వేయమంటారు. అంత కుదరకపోతే ఉన్నంతే వేయండి, కొంత విత్తన పూతకు మిగుల్చుకోండి. నాటు ఆవు పేడైతేనే పనికొస్తుందని కొందరు పట్టుబడతారు. ఉంటే మంచిదే. ఇంట్లో ఎనుములే ఉన్నాయని పని మానుకోవడం మాత్రం తెలివి కాదు. చేనును కప్పి ఉంచడం అసలు పని, ఈ కషాయాలు దానికి తోడు మాత్రమే.

బీజామృతానికి ఇరవై లీటర్ల నీళ్లు, అయిదు కిలోల పేడ, అయిదు లీటర్ల మూత్రం, యాభై గ్రాముల సున్నం, గుప్పెడు మట్టి. రాత్రంతా నాననిచ్చి పొద్దున కలియబెట్టి వాడుకోవాలి.

మట్టిపూత

పొడినేలలో పది, ఇరవై రోజులు పడి ఉండే గింజకు ముందు శత్రువు చీమ, తర్వాత పిట్ట. ఆపైన చిన్న జల్లు. అయిదారు మిల్లీమీటర్ల వానకే ఉత్త గింజ ఉబ్బి, మొలకెత్తి, మర్నాటి ఎండకు చచ్చిపోతుంది. మట్టిపూత ఈ మూడింటికీ కొంత అడ్డుపడుతుంది. కొంతే సుమా.

చెరువు మట్టి, లేదా పుట్టమన్ను, బాగా ఎండబెట్టి నలగ్గొట్టి గోధుమపిండి జల్లెడతో జల్లించండి. ఘనజీవామృతాన్నీ అంతే మెత్తగా జల్లించండి. కట్టెల బూడిద కొంచెం. మట్టి, ఘనజీవామృతం రెండూ కలిపి విత్తనాల బరువుకు రెండింతలు దగ్గర పెట్టుకుంటే కొరత రాదు.

గింజలను రెండు పోగులు చేయండి. కంది, అలసంద, జనుము, ఆముదం లాంటి పెద్దవి ఒకటి. కొర్ర, నువ్వు, ఆవాలు, తోటకూర ఇంకొకటి. రెండూ కలిపి పూత పెడితే చిన్నవన్నీ ఒకే ఉండలో ఇరుక్కొని ముప్పై మొలకలు ఒకేచోట లేస్తాయి. పెద్ద గింజలను టార్పాలిన్ మీద పోసి బీజామృతం చిలకరించండి. ఇద్దరు చెరో కొస పట్టుకొని పట్టాను అటూ ఇటూ ఊపుతుంటే మూడో మనిషి గుప్పెడు గుప్పెడు మట్టి చల్లాలి. గింజ దొర్లుతూ మట్టి పట్టుకుంటుంది. మళ్లీ తడి, ఈసారి ఘనజీవామృతం. మళ్లీ తడి, మళ్లీ మట్టి. చివర పొడి బూడిద. నీళ్లు ఎక్కువైతే ముద్దలు కడుతుంది, గింజ లోపల నాని మొలకెత్తేస్తుంది కూడా. తడి ఎప్పుడూ ఒక పిసరు తక్కువే ఉండాలి. చిన్న గింజలకు ఇంత హంగామా అక్కర్లేదు, తడిపి బూడిద, ఘనజీవామృతం అద్ది, విడివిడిగా రాలేట్టు చేస్తే చాలు.

నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టండి. వేళ్ల నడుమ నొక్కితే పూత పొడిగా రాలకూడదు. ఆరింది ఆరినట్టే చల్లేయడం మేలు.

చల్లడం

మే రెండో పక్షం నుంచి రోహిణి కార్తె లోపు పని ముగించండి. ముందు ఘనజీవామృతం వెదజల్లి, ఒకసారి గుంటక తోలి పైమట్టి కదిలించండి. లోతు దుక్కి వద్దు, ఉన్న కాస్త తేమా పోతుంది. పెద్ద గింజలను సగం చేను పొడవునా, సగం అడ్డంగా చల్లితే ఖాళీలు మిగలవు. మళ్లీ తేలికగా గుంటక తోలితే రెండంగుళాల లోపే కప్పుకుపోతాయి. ఆ తర్వాత చిన్న గింజలను ఇసుకలో కలిపి చల్లి, తుమ్మకంపో, కొమ్మో లాగితే సరి. మొత్తం విత్తనంలో పావు వంతు బస్తాలోనే ఉంచుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ పైన చేనంతా ఆకు, అలం పరచమని పుస్తకాలు చెబుతాయి. వేరుశనగ కట్టె పరచమని సీమ రైతుకు చెబితే నవ్వుతాడు. అది ఎద్దుల తిండి. కందికంప తుంచి, కానుగ, వేప రెమ్మలు, ఊళ్లో మర దగ్గర ఊరికే పడి ఉన్న వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది పలచగా పరచండి. మొత్తానికి కాకపోతే గొడ్డు సాళ్ల పక్కనైనా.

వాన పడ్డాక

ఇరవై మిల్లీమీటర్ల వాన ఒకేసారి పడితే వారంలో చేను కళ్లు తెరుస్తుంది. ఎర్రనేల ఎండకు పైన పెచ్చు కట్టి మొలకను లేవనివ్వకపోతే మళ్లీ ఆ కంపనే తేలిగ్గా ఒకసారి లాగండి. మొదటి గట్టి వాన తర్వాతి రాత్రులే ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగులు నేలలోంచి బయటికి వస్తాయి. ఆ నాలుగైదు రాత్రులు రైతులంతా కలిసి గట్ల మీద మంటలు పెడితే చాలావరకు అందులో పడి పోతాయి. ఒక్కరే పెడితే పక్క చేలోవి కూడా మీ దగ్గరికే వస్తాయి.

వాన ఒకటి పడి, మొలిచాక పదిహేను రోజులు ముఖం చాటేస్తే? మెంతి, ధనియం, తోటకూర ముందు పోతాయి. ఉలవ, అలసంద, సజ్జ, ఆముదం గుడ్లు తేలేసినా చాలావరకు ఓర్చుకుంటాయి. ఇన్ని రకాలు వేసింది అందుకే. రెండో వాన వచ్చినప్పుడు ఖాళీ పడ్డ చోట్ల, దాచుకున్న ఆ పావు వంతు చల్లండి.

చేలో, గట్ల మీద వయ్యారిభామ కనబడితే పూత రాకముందే పీకేయండి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగను ఊడ్చేసిన కాండం కుళ్లు వైరస్‌కు ఆ కలుపే స్థావరం. దాని పుప్పొడిని మోసుకొచ్చి తామర పురుగులు తెగులు అంటిస్తాయి.

ఎప్పుడు కోయాలి, ఎప్పుడు కలియదున్నాలి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. జనుము, అలసంద పూతకు వచ్చిన దశలో, అంటే నలభై అయిదు, అరవై రోజుల మధ్య నేలలో కలిపేస్తే త్వరగా కుళ్లుతుంది. అంతకు మించి ముదిరితే పీచు పట్టి, కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని తనే లాక్కుంటుంది, వేరుశనగ పసుపు తిరుగుతుంది. ఇదంతా తేమ ఉంటేనే. జూలైలో నేల పదునుగా ఉంటే కలియదున్ని, పది, పదిహేను రోజులు ఆగి అసలు పంట విత్తండి.

తేమ అంతంత మాత్రమైతే దున్నకండి. కుళ్లని పచ్చిరొట్ట నేలను గుల్ల చేసి, ఉన్న పదునునూ ఆర్పేస్తుంది. కొడవలితో మొదలంటా కోసి, సగం పశువులకు వేసి, సగం అక్కడే పరచి, సాళ్లు మాత్రం గొర్రుతో తీసి విత్తుకోండి. వేర్లు లోపలే కుళ్లుతాయి.

వానే లేక పైరు మోకాలి ఎత్తుకు కూడా రాకపోతే కాపరితో చేసుకున్న ఒప్పందం అమలు చేయండి. మంద మేసి, పడుకొని పోతుంది. ఏ దారిలో వెళ్లినా కంది, ఆముదం మొక్కలను వదిలేయవచ్చు, ఆరడుగులకొకటి నిలిచినా అవే అంతరపంట.

ఆ తర్వాత

వేరుశనగ ఒక్కటే వేయొద్దని వేరే చెప్పాలా? ఏడు సాళ్లకొక కంది సాలు, చేను చుట్టూ నాలుగు వరుసల సజ్జ, అక్కడక్కడా ఆముదం. సజ్జ అంచు తామర పురుగుకు అడ్డం. ఆముదం ఆకు మీద పొగాకు లద్దె పురుగు గుడ్ల సముదాయం కనిపిస్తే ఆ ఆకు తుంచి పారేస్తే సరిపోతుంది. వేరుశనగ పీకేసిన సాళ్లలో, తేమ ఉంటే, అదే రోజు ఉలవలు చల్లేయండి.

తేడా చూడాలంటే అడుగు లేని డబ్బా ఒకటి తీసుకొని రెండంగుళాలు నేలలోకి దిగ్గొట్టి, లీటరు నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకాయో ఫోన్‌లో టైమ్ చూడండి. నవధాన్యాల అర ఎకరంలో ఒకసారి, వదిలేసిన అర ఎకరంలో ఒకసారి, ఒకే రోజున. మొదటి ఏడాది తేడా అంతగా కనిపించకపోవచ్చు, మరుసటి ఏడాది అదే చోట మళ్లీ చూడండి.

వచ్చే మేకు విత్తనం కొనే పని పడకూడదనుకుంటే కోతకు ముందే చేలో ఒక మూల, పది అడుగులకు పది అడుగులు, కోయకుండా వదిలేయండి. వాన తక్కువైనప్పుడు నిలబడ్డ మొక్కలకు గుడ్డపీలిక కట్టి, వాటి కాయే దాచుకోండి. సజ్జకు మాత్రం ఒకటి రెండు కంకులు చాలవు, కనీసం ముప్పై నలభై మొక్కల నుంచి తీసి కలపాలి. బాగా ఎండబెట్టి, చల్లారాక బూడిద, ఎండు వేపాకు కలిపి కుండలో పోసి, మూతి మీద పేడ మెత్తండి.